సంచి పురుగు: కోసి చూశాకే మందు

కొమ్మకు ఎండుపుల్లలూ ఆకు తునకలూ అతికిన చిన్న మూట ఒకటి వేలాడుతుంటుంది. తాకినా కదలదు. ఎండిపోయిన కాయేమోనని వదిలేస్తారు. తూజా, జునిపర్ లాంటి కోనిఫర్ (పైన్ తరహా) చెట్ల మీదైతే అచ్చం ఆ చెట్టు కాయలాగే ఉంటుంది కూడా. మరుసటి ఏడు మూటలు ఎన్నో రెట్లవుతాయి, చెట్టు తల గోధుమరంగుకు తిరుగుతుంది, అప్పుడు హడావిడిగా మందు కొడతారు. పురుగు చావదు.

మందు నాసిరకమైనందువల్ల ఇలా జరగడం అరుదు. కొట్టిన రోజున సంచిలో తినే పురుగే లేకపోవడం ఎక్కువసార్లు అసలు కారణం. లోపల గుడ్లుంటే ఒక పని, పిల్ల పురుగుంటే ఇంకో పని, మూతి బిగించుకున్న ముదురు పురుగుంటే మరో పని. ఖాళీ సంచైతే ఏ పనీ లేదు. బయటి నుంచి చూస్తే నాలుగూ ఒకేలా ఉంటాయి. కాబట్టి స్ప్రేయర్ తీసేముందు కత్తెర తీయాలి.

పురుగు తీరు

సంచి పురుగులు సైకిడే కుటుంబానికి చెందిన రెక్కల పురుగుల లార్వాలు. ఈ కుటుంబంలో వెయ్యికి పైగా జాతులున్నాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆకు చేరగానే పట్టుదారంతో ఒంటిచుట్టూ తొడుగు అల్లుకుని, దానికి ఆకు తునకలు, బెరడు పొట్టు, పుల్లలు అతికిస్తుంది. ఒళ్లు పెరిగేకొద్దీ సంచినీ పెంచుకుంటూ పోతుంది. తలనూ, ముందున్న మూడు జతల కాళ్లనూ మాత్రం బయటపెట్టి, ఇల్లు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. సంచికి రెండు నోళ్లుంటాయి. పైది తినడానికీ నడవడానికీ, అడుగుది రెట్ట బయటికి నెట్టడానికీ. అలికిడైతే తల లోపలికి లాక్కుని పై నోరు పట్టి మూసేస్తుంది. పైన పడిన మందు ఒంటికి తగలకపోవడం ఇందువల్లే.

మగది రెక్కలొచ్చాక అడుగు నోటిగుండా ఎగిరిపోతుంది. నష్టం ఎక్కువ చేసే జాతుల్లో ఆడదానికి రెక్కలు రావు, కాళ్లూ ఉండవు. అది సంచి వదలదు. వాసన పట్టి వచ్చిన మగది బయటి నుంచే జతకడుతుంది. ఆడది గుడ్లన్నీ సంచిలోనే పెట్టి చనిపోతుంది. తల్లి ఎగరలేదు కనుక పురుగు ఒకే చెట్టు మీద ఏటికేడు గుట్టపడుతుంది. పక్క చెట్టు పచ్చగా ఉండగా ఒక్కటే మాడిపోయి కనిపించడం అందుకే. పిల్లలు మాత్రం సన్నని దారం వదిలి, దాన్ని పట్టుకుని గాలికి కొట్టుకుపోతాయి. దూరప్రాంతాలకు చేరడం ఎక్కువగా మొక్కల రవాణాతోనే.

కాయకూ సంచికీ తేడా తెలియాలంటే తొడిమ చూడండి. కాయ తన తొడిమతో కొమ్మలోంచే వస్తుంది. సంచిని కొమ్మకు కట్టి ఉంచేది బూడిదరంగు పట్టుబద్దె. నొక్కితే మెత్తగా లొంగుతుంది.

గూళ్లు మరీ చిన్నవిగా, 5–10 మిల్లీమీటర్లు ఉండి, చుట్ట ఆకారంలోనో పిస్తోలు పిడిలాగో కనిపిస్తే అది వేరే కుటుంబం, కోలియోఫోరిడే. ఇవి ఆకు అడుగున చిన్న గుండ్రని రంధ్రం చేసి, గూడు బయట ఉంచి, తల లోపలికి దూర్చి అందినంత మేర కండ తినేస్తాయి. ఆకు మీద పాలిపోయిన మచ్చ, దాని మధ్య సూదితో పొడిచినట్టు శుభ్రమైన రంధ్రం ఉంటే ఇవేనని గట్టిగా చెప్పవచ్చు. వీటిలో ఆడదానికీ రెక్కలుంటాయి కాబట్టి, గూళ్లు ఏరితే చెట్టు శుభ్రమవుతుందన్న లెక్క వీటికి కుదరదు. కింద చెప్పే పద్ధతి సైకిడే సంచులకే.

మొదటి మెట్టు: కోసి చూడటం

కావలసినవి చిన్న కత్తెర, తెల్ల కాగితం, పదింతలు పెద్దగా చూపే చేతి భూతద్దం, కొలబద్ద. చెట్టుకు నాలుగు వైపుల నుంచీ, ముఖ్యంగా పై భాగం నుంచీ 20 సంచులు తీసుకోండి. చేతికందే ఎత్తులోవే కోస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే నష్టం సాధారణంగా తలలో మొదలై కిందికి దిగుతుంది. కత్తెర మొనను అడుగు నోటిలో పెట్టి, గోడ వెంబడి పైపైన నిలువుగా చీల్చండి. లోతుగా దించితే లోపల ఉన్నది నలిగిపోయి ఏమీ తెలియదు.

కనిపించేవి ఇవీ, వాటి అర్థాలూ:

మెరిసే నల్లని తల, తడిగా కదిలే ఒళ్లు ఉంటే తినే దశ. సంచి పొడవు కొలిచి రాసుకోండి. మందు ఎంపిక ఈ కొలత మీదే ఆధారపడుతుంది.

సంచి రెండు నోళ్లూ ముడుచుకుని, లోపల గోధుమరంగు ప్యూపా (పురుగు రెక్కల పురుగుగా మారే నిద్ర దశ) ఉంటే తినడం అయిపోయింది. ఇక ఏ మందూ పనిచేయదు.

ఖాళీ ప్యూపా తొక్క అడుగు నోటిలోంచి సగం బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది మగదాని సంచి. పని అయిపోయింది, అందులో గుడ్లుండవు.

లోపల గోధుమరంగు తొక్క, దాన్నిండా నూగుతో కలిసిన లేత పసుపు గింజల్లాంటివి ఉంటే అవి గుడ్లు. వదలకూడనిది ఈ సంచినే. ఉత్తర అమెరికాలో కోనిఫర్లను తినే థైరిడాప్టెరిక్స్ ఎఫిమెరాఫార్మిస్ జాతిలో ఒక్కో సంచిలో 500 నుంచి 1000 దాకా ఉంటాయి.

లోపల చిన్న చిన్న తెల్లని గూళ్లు, లేదా సంచి గోడకు గుండ్రని రంధ్రం కనిపిస్తే పరాన్న కందిరీగలు (పురుగు ఒంట్లో గుడ్లు పెట్టి దాన్ని చంపేవి) పని కానిచ్చాయి. ఇవి మిత్ర పురుగులు, వీటిని విడిగా పెట్టండి.

పొడి దుమ్ము, పెళుసైన తొక్కలు మాత్రమే ఉంటే పాత సంచి. పట్టు త్వరగా కుళ్లదు కాబట్టి ఖాళీ సంచులు ఏళ్ల తరబడి వేలాడుతూనే ఉంటాయి. వాటిని చూసి బెదిరి మందు కొట్టేవాళ్లు తక్కువేం కాదు.

ఇరవైలో ఎన్ని బతికి ఉన్నాయో, ఎన్ని కందిరీగల పాలయ్యాయో రాసుకోండి. సగానికి సగం కందిరీగలు పట్టి ఉంటే, ఆ తరానికి మందు జోలికి వెళ్లకపోవడమే తెలివైన పని. చేతితో ఏరడం చాలు.

రెండో మెట్టు: పొదిగే తేదీ పట్టుకోవడం

చలికాలం గట్టిగా ఉండే చోట్ల లెక్క సులువు. పైన చెప్పిన అమెరికా జాతికి ఏడాదికి ఒకటే తరం. చలికాలమంతా గుడ్లుగా గడిపి మే, జూన్ నెలల్లో పొదుగుతుంది, వేసవంతా తింటుంది, ఆగస్టు తర్వాత సంచిని కొమ్మకు బిగించి తినడం మానేస్తుంది. అంటే గుడ్ల సంచులు ఏరడానికి ఆరేడు నెలల వ్యవధి, మందు పనిచేయడానికి కొన్ని వారాలు మాత్రమే. చాలామంది గమనించేది ఆగస్టులో, సంచులు పెద్దవై కంటికి ఆనినప్పుడు. అప్పటికి మందు అదను దాటిపోయింది.

ఏడాది పొడవునా వెచ్చగా ఉండే చోట్ల తరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకే చెట్టు మీద గుడ్లు, పిల్లలు, ప్యూపాలు కలిసి దొరుకుతాయి. ఆయిల్ పామ్‌ను తినే మెటిసా ప్లానాకు ఒక తరం సుమారు మూడు నెలలు. ఇలాంటి చోట తేదీలతో పని లేదు. రెండు వారాలకోసారి ఇరవై సంచులు కోసి, పిల్ల దశ ఎక్కువగా ఉన్న వారాన్ని ఎంచుకోవడమే మార్గం.

పొదిగే తేదీ తెలియడానికి ఒక చవకైన ఏర్పాటు ఉంది. గుడ్లున్నాయని రూఢి చేసుకున్న చెట్టు నుంచి కోయని సంచులు ఐదారు తీసి, గాజు సీసాలో వేసి, మూతికి పలుచని నేత గుడ్డ కట్టి, అదే చెట్టు నీడలో ఉంచండి. దోమతెర గుడ్డ వద్దు. అప్పుడే పొదిగిన పిల్ల 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఆ కన్నాల్లోంచి సులువుగా జారిపోతుంది. సీసా ఎండలో పెట్టినా, ఇంట్లో పెట్టినా పిల్లలు ముందే పొదిగి తేదీ తప్పుదారి పట్టిస్తుంది. రోజు విడిచి రోజు చూడండి. గాజు మీద నల్లని చుక్కలు పాకుతూ కనిపించిన రోజు రాసుకోండి. అన్ని సంచులూ ఒకే రోజు పొదగవు, రెండు నుంచి నాలుగు వారాల పాటు సాగుతుంది. అందుకని మొదటి పిల్ల కనిపించిన రెండు వారాలకు తొలి పిచికారీ పెట్టుకుంటే, అప్పటికి ఎక్కువ పిల్లలు బయటికొచ్చి ఉంటాయి, ముందొచ్చినవి ఇంకా చిన్నగానే ఉంటాయి. పని అయ్యాక సీసాలోకి సబ్బునీళ్లు పోయడం మరవకండి.

చెట్టు మీద ధ్రువపరచుకోవడానికి కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి గట్టిగా తట్టండి. నిలబెట్టిన చిన్న గరాటుల్లాంటి, మిరియం గింజకన్నా చిన్న గూళ్లు పడి, కాసేపటికి నడవడం మొదలుపెడతాయి. ఆకు మీద ఈ దశలో చిల్లులు ఉండవు. పై పొర గీకేసిన మచ్చలే ఉంటాయి.

మూడో మెట్టు: ఏరివేత

చేతికి, గడకు అందే చెట్టైతే దీన్ని మించిన మందు లేదు. గుడ్ల సంచి ఒక్కటి తీస్తే వందల పురుగులు తగ్గినట్టు.

సంచిని లాగకండి, కత్తిరించండి. పట్టుబద్దె బెరడును ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, లాగితే లేత బెరడు దానితోపాటే ఊడొస్తుంది. ఈ పట్టు గట్టితనం మామూలుది కాదు. జపాన్‌లో 2018లో ఒక పరిశోధన బృందం దీన్ని సాలీడు దారం కన్నా బలమైనదిగా ప్రకటించింది. సంచి తీశాక కొమ్మచుట్టూ మిగిలిన పట్టు ఉంగరాన్ని బ్లేడు మొనతో అడ్డంగా తెంచేయండి. వదిలేస్తే కొమ్మ లావెక్కేకొద్దీ అది ఉరిలా బిగుసుకుని, పురుగు పోయిన ఒకటి రెండేళ్లకు ఆ కొమ్మ కొస ఎండిపోతుంది. కారణం తెలియక తెగులేమో అనుకుంటారు.

తీసినవాటిని చెట్టు కింద పడేస్తే పని వృథా. గుడ్లు నేల మీద కూడా పొదుగుతాయి, పిల్లలు మాను పట్టుకుని పైకి పాకుతాయి. 10 లీటర్ల బకెట్ నీటిలో రెండు మూడు చెంచాల లిక్విడ్ సబ్బు కలిపి అందులో వేయండి. సంచులు తేలుతాయి, పట్టు నీటిని లోపలికి త్వరగా రానివ్వదు. ఒక్కోదాన్నీ కత్తెరతో సగానికి కోసి వేసి, పైన జాలీ, దాని మీద రాయి పెట్టి రెండు రోజులు ముంచి ఉంచాలి. కోయకుండా గంటసేపు నానబెట్టి పారబోస్తే లోపలి గుడ్లకు ఏమీ కాదు.

తినే కాలంలో తీసిన సంచులను, లోపల కందిరీగలు ఉన్నాయని తేలితే, చంపకుండా వాడుకోవచ్చు. బకెట్లో వేసి, 3 మిల్లీమీటర్ల కన్నాలున్న జాలీ బిగించి చెట్ల దగ్గర నీడలో ఉంచండి. పెద్ద సంచితో ఉన్న పురుగు జాలీలోంచి రాలేదు, కందిరీగలు ఎగిరిపోయి చెట్ల మీద మిగిలిన పురుగులను వెతుక్కుంటాయి. గుడ్ల సంచులతో మాత్రం ఈ పని చేయకండి. పొదిగిన పిల్లలకు ఆ కన్నాలు సింహద్వారాలే.

నాలుగో మెట్టు: పిచికారీ

సంచి పొడవును బట్టి ఎంచుకోవాలి. 12 మిల్లీమీటర్ల లోపు ఉంటే బాసిల్లస్ తురింజెన్సిస్ కుర్‌స్టాకి, అంటే బ్యాక్టీరియాతో చేసిన బి.టి. మందు చాలు. 12 నుంచి 20 మధ్య స్పినోశాడ్ గానీ క్లోరాంట్రానిలిప్రోల్ గానీ మెరుగు. 25 దాటితే మందు ఖర్చు దండగ, ఏరడమే దారి. ఇమిడాక్లోప్రిడ్ మీద ఆశ పెట్టుకోకండి. రసం పీల్చే పురుగుల మీద అది బాగా పనిచేస్తుంది గానీ గొంగళి జాతి మీద బలహీనం. వేపనూనె పిల్లల తిండిని కొంత తగ్గిస్తుంది, ఉధృతి ఉన్నచోట దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేం.

మోతాదు డబ్బా మీద రాసినదే, ఆ మొక్కకు ఆ మందు అనుమతి ఉందో లేదో కూడా అక్కడే చూడాలి. ఒకే మందు వేర్వేరు తయారీల్లో వేర్వేరు గాఢతలో దొరుకుతుంది కాబట్టి పక్కవాళ్లు వాడిన గ్రాముల లెక్క మీ డబ్బాకు సరిపోదు. ఎంత ద్రావణం కలపాలో తేలాలంటే ముందు రోజు ఉత్త నీళ్లు కొట్టి కొలవండి. ఆకు కొసల నుంచి బొట్లు రాలడం మొదలయ్యేదాకా కొడితే ఎన్ని లీటర్లు పట్టిందో అదే మీ లెక్క. మనిషెత్తు గుబురు మొక్కకు 2–3 లీటర్లు పట్టడం మామూలే.

బి.టి. కడుపులోకి వెళ్తేనే పనిచేస్తుంది. ఒంటి మీద పడినది లెక్కలోకి రాదు, ఆకు మీద ఉన్నదే లెక్క. అందుకే గుబురు లోపలికి, ఆకు రెండు వైపులా, చెట్టు తలలోకి చేరేలా కొట్టాలి. తల పొడిగా మిగిలిపోతే పని సగమే అయినట్టు. సాయంత్రం కొట్టండి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఈ మందు కొద్ది రోజుల్లోనే చచ్చుబడుతుంది. నీటి పి.హెచ్. 8 దాటితే గుణం తగ్గుతుంది, కాబట్టి కలిపిన ద్రావణాన్ని ఆ పూటే వాడేయాలి. ఆకులు మైనం పూసినట్టుండే మొక్కలకు అంటుడు ద్రవం కలపకపోతే మందు జారిపోతుంది. వాన రాబోయే రోజున మానుకోండి.

తిన్న పురుగు కొన్ని గంటల్లో మేత మానేస్తుంది గానీ చావడానికి రెండు నుంచి ఐదు రోజులు పడుతుంది. మరునాడే చూసి పనిచేయలేదని ఇంకో ఘాటు మందు కొట్టడం పెద్ద తప్పు. ఆరో రోజున పది సంచులు కోయండి. పురుగు నల్లబడి మెత్తగా ఉంటే మందు పట్టినట్టు. చెట్టు మీదున్న సంచి చచ్చాక కూడా అలాగే వేలాడుతుంది కనుక, కోయకుండా ఫలితం తెలియదు. 7–10 రోజులకు రెండో విడత కొట్టాలి. ఒకటి, గుడ్లు విడతలుగా పొదుగుతాయి. రెండు, మొదటి విడత రోజున కుబుసం విడవడానికి నోరు మూసుకున్న పురుగులు అప్పుడు మేత ముట్టవు.

స్పినోశాడ్ తడిగా ఉన్నంతసేపు తేనెటీగలకు ప్రమాదం. పూతలో ఉన్న చెట్టుకు కొట్టకండి, తప్పదనుకుంటే ఈగలు గూటికి చేరిన తర్వాత మాత్రమే కొట్టాలి. ఏ మందుకైనా చేతితొడుగులు, కళ్లద్దాలు, పూర్తి చేతుల చొక్కా ఉండాలి. పైకి చూసి కొట్టే పని కనుక గాలికి ఎదురుగా నిలబడొద్దు.

ఘాటు మందు ఎందుకు ఎదురు తిరుగుతుంది

సంచి పురుగు సంచిలో దాక్కుంటుంది, దాన్ని వెతికే కందిరీగ ఆకు మీద తిరుగుతుంది. తగిలిన ప్రతిదాన్నీ చంపే మందు కొడితే ముందు పోయేది కందిరీగే. మిగిలిన పురుగుకు అడ్డూ ఆపూ ఉండదు. కోస్టారికాలోని గోల్ఫిటో ప్రాంతపు అరటి తోటల్లో ఇది పెద్ద ఎత్తున జరిగింది. డీల్డ్రిన్ లాంటి మందులు వాడాక ఓయికెటికస్ కిర్బీ అనే సంచి పురుగు విజృంభించింది. 1973లో పురుగుమందులు ఆపేశాక మిత్ర పురుగులు కోలుకున్నాయి, దాని బెడద తగ్గింది. మలేసియా ఆయిల్ పామ్ తోటల్లోనూ ఇలాంటి అనుభవమే.

మిత్ర పురుగుల బలం ఎంతో చెప్పడానికి కోలియోఫోరిడే కుటుంబంలోనూ ఉదాహరణ ఉంది. లార్చ్ చెట్ల సూదాకులను తినే కోలియోఫోరా లారిసెల్లా యూరప్ నుంచి అమెరికాకు చేరి, 1886లో మసాచుసెట్స్‌లో బయటపడింది. 1930ల్లో యూరప్ నుంచి అగాథిస్ పుమిలా, క్రిసోకారిస్ లారిసినెల్లే అనే రెండు రకాల కందిరీగలను తెచ్చి వదిలారు. తూర్పు ప్రాంతాల్లో వాటితోనే అదుపులోకి వచ్చింది. పరాన్న కందిరీగల పెద్దవి తేనె తాగి బతుకుతాయి కాబట్టి తోట అంచుల్లో ఏడాది పొడవునా చిన్న పూలు పూసే మొక్కలు ఉండటం వాటికి బలం. ఆయిల్ పామ్ తోటల్లో టర్నెరా మొక్కలు గట్ల వెంట పెంచేది ఇందుకే.

అందని ఎత్తు చెట్లు, తోటలు

నిచ్చెన మీద నిలబడి రెండు చేతులతో గడ కత్తెర వాడటం ప్రమాదం. నేల మీద నిలబడి అందుకోలేనంత ఎత్తైతే పని తెలిసినవాళ్లకు వదిలేయండి. ఎత్తైన ఆయిల్ పామ్ చెట్లకు మానులో రంధ్రం చేసి మందు ఎక్కించే పద్ధతి ఉంది. ఆకు తిన్న పురుగుకు మాత్రమే తగులుతుంది, మిత్ర పురుగులు బతుకుతాయి. పండ్ల చెట్లకు మాత్రం ఆ పంటకు అనుమతి ఉన్న మందు కాకపోతే చేయకూడదు, అవశేషాలు కాయలోకి దిగుతాయి. పెద్ద తోటల్లో చెట్టు చెట్టుకూ మందు అక్కరలేదు. మెటిసా ప్లానాకు మట్టకు సగటున 10 బతికున్న పురుగులు దాటితేనే చర్య అనే లెక్క వాడుకలో ఉంది. బతికున్నవి అన్న మాట ముఖ్యం, ఖాళీ సంచులు కలిపి లెక్కేస్తే అనవసరంగా కొట్టినట్టవుతుంది. లింగాకర్షక బుట్టలు మగవాటిని పడతాయి, తరం ఎప్పుడు వస్తోందో చెబుతాయి. చెట్టును కాపాడే పని వాటితో కాదు.

తిన్న చెట్టు కోలుకోవడం

ఆకు రాల్చే చెట్టు మోడైనా సాధారణంగా మళ్లీ చిగురిస్తుంది. కోనిఫర్లు అలా కాదు. తూజా, జునిపర్ లాంటివాటికి పాత కొమ్మ మీద కొత్త మొగ్గలు రావడం కష్టం, పూర్తిగా బోడి చేస్తే ఆ కొమ్మో, చెట్టో పోవచ్చు. ఏ చెట్టుకు ముందు మందు కొట్టాలన్న ప్రశ్న వస్తే వీటికే ముందు.

ఎండినట్టున్న కొమ్మను వెంటనే నరికేయకండి. గోటితో బెరడు గీకి చూడండి. లోపల ఆకుపచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. వచ్చే చిగురు కాలం దాకా ఆగి, అప్పటికీ మొగ్గ రాకపోతే పచ్చటి భాగం దాకా కత్తిరించండి. ఈలోగా నేల లోతుగా తడిసేలా వారానికోసారి నీరు, మొదలు చుట్టూ మల్చింగ్ చాలు. నత్రజని ఎరువు గుప్పించి చిగురు తొందరపెడితే, ఆ లేత చిగురే మిగిలిన పిల్ల పురుగులకు విందు.

కొత్త మొక్క తెచ్చినప్పుడు కొమ్మల పంగల్లో, ఆకుల అడుగున, కుండీ అంచు కింద వెతికి, కనిపించిన ప్రతి సంచినీ కోసి చూడండి. నెల రోజులు మిగతా మొక్కలకు దూరంగా ఉంచి, రెండుసార్లు తెల్ల కాగితం పట్టి తట్టాకే తోటలో కలపండి. పురుగు పట్టిన చెట్టుకు ఆనుకున్న కంచె, గోడ, గ్రిల్లు కూడా చూడాలి. మూతి బిగించే కాలంలో పురుగులు చెట్టు దిగి వాటికి కూడా సంచులు కట్టుకుంటాయి, వచ్చే ఏడు పిల్లలు అక్కడి నుంచే గాలికి ఎగురుతాయి.